వ్యాఖ్యానమునకు మిషను ముద్ర యేల?

మన ప్రొటెస్టంటు క్రైస్తవ కుటుంబములలో ఒక దురాచారము చిరకాలమునుండి వేరూరియున్నది. ఇతర దురాచారములవలె అది పెండ్లిపందిటిలోనో, పండుగ వ్యయములోనో బయటపడదు. పుస్తకముల బీరువాలో దాగియుండును. బైబిలు వ్యాఖ్యానమొకటి చేతికి వచ్చినప్పుడు దానిలో ఏమి చెప్పబడినదని మనము అడుగము. అది ఏ మిషనువారిదని అడుగుదుము. వ్రాసినవాడు మన శాఖవాడయినచో చదువకయే మెచ్చుకొందుము. పరశాఖవాడయినచో చదువకయే త్రోసివేయుదుము. రెండు పక్షములందును చదువకుండుట మాత్రము సమానము. ఈ యలవాటు సిద్ధాంతనిష్ఠ యను గౌరవనామముతో చెలామణి యగుచున్నది. ఇందు నిష్ఠ కొంచెము, సోమరితనము విశేషము, భయము అంతకన్న విశేషము అని చూపుటయే నా యుద్దేశము.

నేను నివసించు లాలాగూడను దృష్టాంతముగా గైకొందము. ఇచ్చటి రైలు కార్ఖానా 1893వ సంవత్సరమున నిజాము రైల్వేవారి కాలమున స్థాపితమయినది. నాటినుండి ఉద్యోగమునకై కొందరు, చదువునకై కొందరు, వైద్యమునకై కొందరు తెలుగు జిల్లాలనుండి వచ్చి ఈ ప్రాంతమున స్థిరపడుచున్నారు. కావున గుంటూరి లూథరను కుటుంబము, ఒంగోలు బాప్తిస్టు కుటుంబము, మెదకు వెస్లియను కుటుంబము, కృష్ణాజిల్లా ఆంగ్లికను కుటుంబము ఒక్క వీధిలో కాపురముండుట ఇచ్చట వింత గాదు. వారి బిడ్డలు ఒక్క పాఠశాలలో చదువుకొని, తార్నాక మీదుగా ఒక్క విశ్వవిద్యాలయ ప్రాంగణమునకు పోవుచున్నారు. ఒకరి యింట మరణము సంభవించినచో అందరును పాడె వెంట నడచుచున్నారు. ఆదివారమునాడు మాత్రము ఒక్కొక్కరు ఒక్కొక్క దేవాలయమునకు పోవుదురు. దానిని నేను తప్పు పట్టను. ఎవరి యారాధనాక్రమము వారికి ప్రియము. కాని సోమవారమునాడు సయితము వారి పుస్తకములు ఒకదాని మొగము ఒకటి చూడకుండుట ఏమి న్యాయము?

అసలు మనకీ శాఖాభేదము ఎట్లు సంప్రాప్తించినదో విచారింపుడు. హేయరు అను అమెరికా లూథరను బోధకుడు 1842లో గుంటూరు చేరెను. అమెరికా బాప్తిస్టులు నెల్లూరిలోను, పిదప ఒంగోలులోను కుదురుకొనిరి. ఆంగ్లికను సంఘపు మిషనరీలయిన ఫాక్సు, నోబిలు దొరలు 1841లో మచిలీపట్టణమునకు వచ్చిరి. కెనడా బాప్తిస్టులు 1874లో కాకినాడయందు పని ప్రారంభించిరి. నిజాము రాజ్యములో మెదకు ప్రాంతము వెస్లియనులకును, నల్లగొండ, హనుమకొండలు బాప్తిస్టులకును, మహబూబునగరము మెన్ననైటు సహోదరులకును కార్యక్షేత్రములయ్యెను. ఒకరు పనిచేయుచోట మరియొకరు ప్రవేశింపరాదని మిషనులు తమలో తాము హద్దు లేర్పరచుకొన్నవి. మన ముత్తాతలు కాల్విను గ్రంథమును, లూథరు గ్రంథమును త్రాసులో తూచి శాఖను ఎన్నుకొన్నవారు కారు. తమ యూరికి ఎవరు వచ్చిరో వారి సువార్తను విని నమ్మిరి. ఆ నమ్మకము పవిత్రమే. కాని గుండ్లకమ్మ యొడ్డున పుట్టినవాడు బాప్తిస్టు, కృష్ణ యొడ్డున పుట్టినవాడు ఆంగ్లికను అగుటకు వేదాంతము కంటె భూగోళశాస్త్రము ఎక్కువ కారణమయినది. ఇట్లు జిల్లా సరిహద్దులు నిర్ణయించిన దానిని బుద్ధికి కూడ సరిహద్దుగా చేసికొనుట వివేకమా?

నేను సంస్కృతమును కొంత చదివి, బడిలో పిల్లలకు చెప్పుకొనువాడను. ఆ వాఙ్మయమున వ్యాఖ్యాతలకు గల మర్యాద వేరు. వాచస్పతిమిశ్రుడు అద్వైతి, శంకరభాష్యముపై భామతిని రచించెను. ఆయనయే న్యాయమునకు తాత్పర్యటీకను, సాంఖ్యమునకు తత్త్వకౌముదిని, యోగమునకు తత్త్వవైశారదిని వ్రాసెను. ఏ దర్శనమును వ్యాఖ్యానించునప్పుడు ఆ దర్శనకారుని మాటను ఆతని పక్షమున నిలిచి వివరించెను. అందుచేతనే పరదర్శనములవారు కూడ ఆయన గ్రంథములను ఆదరించిరి. అప్పయ్యదీక్షితులు చతుర్మతసారసంగ్రహమున మధ్వ, రామానుజ, శ్రీకంఠ, శంకర మతములను నాల్గింటిని వేర్వేరుగ వివరించెను. శైవుడయ్యును, వైష్ణవాచార్యుడగు వేదాంతదేశికుల యాదవాభ్యుదయమునకు వ్యాఖ్య రచించెను. అమరకోశకర్త బౌద్ధుడని ప్రసిద్ధి. అయినను ఆ కోశమును కంఠస్థము చేయని వైదిక విద్యార్థి ఉండెనా? కోలాచల మల్లినాథసూరి పదే పదే అమరుని ప్రమాణముగ చూపలేదా? ఆ సూరి స్వగ్రామము మన మెదకు సీమలోని కొల్చారమే యని పండితులు చెప్పుదురు. మూలములో లేనిది వ్రాయననియు, అనవసరమైనది చెప్పననియు ప్రతిన పూని టీక వ్రాసిన మహనీయుని సీమలో మనము బ్రదుకుచున్నాము. ఆ సీమలోనే 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠితమయిన గొప్ప దేవాలయము నిలిచియున్నది. ఆ దేవాలయపు నీడన నున్నవారికయినను మల్లినాథుని మర్యాద అలవడవలదా?

ఇది సంస్కృతపు ముచ్చట, క్రైస్తవులకేమి పని యందురా? సరే, మీ చేతనున్న తెలుగు బైబిలు చరిత్రనే చూడుడు. బైబిలును తెనిగింప మొదట పూనుకొన్నవారిలో బెంజమిను షుల్జు ముఖ్యుడు. ఆయన జర్మనీదేశపు హాలె నగరమునుండి వచ్చిన లూథరను. 18వ శతాబ్ది పూర్వార్ధమున మద్రాసునందుండి ఆ పని చేసెను. అది అచ్చుకు నోచుకొనలేదు. పిమ్మట 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండను మిషనువారు క్రాను, డెగ్రాంజి అనువారలు ఆనందరాయరను తెలుగు పండితుని సాయముతో పని సాగించిరి. వారి సువార్తలు 1812లో వెలువడినవి. ఎక్కడ? శ్రీరామపురమున, బాప్తిస్టుల ముద్రాలయమున. భాషాంతరీకరించినవారు శిశువులకు బాప్తిస్మమిచ్చువారు. ముద్రించినవారు దానిని ఒప్పనివారు. తరువాతి కాలమున ఆ భాషను దిద్దినవారిలో లండను మిషనువాడగు జాను హే కలడు, అమెరికా బాప్తిస్టుడగు లైమను జూయెటు కలడు. ఇన్ని శాఖలవారి చెమటతో తడిసిన గ్రంథమును రొమ్మున హత్తుకొని, దాని వివరణమునకు మాత్రము పరశాఖవారు పనికిరారనుట ఎంత విపరీతము! భాషాంతరమే తొలి వ్యాఖ్యానము. ఒక గ్రీకు పదమునకు ఏ తెలుగు పదము పెట్టవలెనో నిర్ణయించుటలోనే వ్యాఖ్యానము సగము ముగియును. ఆ సగమును పరశాఖవారి చేతినుండి కృతజ్ఞతతో అందుకొని, తక్కిన సగమును మైలగా చూచుచున్నాము.

ఇక మనము ఎవరి పేరు చెప్పి గోడలు కట్టుచున్నామో ఆ మహాపురుషులు తామేమి చేసిరి? కాల్విను 1540లో రోమీయుల పత్రికకు వ్యాఖ్యానము ప్రకటించుచు, తనకు ముందు ఆ పత్రికను వ్యాఖ్యానించిన లూథరను పండితుడగు మెలాంక్తను విద్వత్తును తన ఉపోద్ఘాతముననే కొనియాడెను. కాల్విను పూర్వనిర్ణయ వాదమును ప్రతిఘటించి పేరొందిన అర్మీనియసు 1607లో ఒక లేఖ వ్రాయుచు, లేఖనముల తరువాత తన విద్యార్థులకు తాను ముఖ్యముగ చదువుమని చెప్పునవి కాల్విను వ్యాఖ్యానములే యని తెలిపెను. ప్రతివాదిచే ఇట్టి యోగ్యతాపత్రమును పొందిన గ్రంథకర్తలు లోకమున ఎందరుందురు? జాను వెస్లీ కథ ఇంకను చిత్రమైనది. 1738 మే 24వ తేది రాత్రి లండనులో ఎవరో రోమీయుల పత్రికకు లూథరు వ్రాసిన పీఠికను చదువుచుండగా ఆయన హృదయమున ఆ ప్రసిద్ధమైన మార్పు కలిగెను. 1755లో తాను క్రొత్తనిబంధనకు టిప్పణము వ్రాసినప్పుడు ఆయన ముఖ్యముగ ఆధారపడినది జర్మనీ లూథరను పండితుడగు బెంగెలు 1742లో లాటినున ప్రకటించిన గ్నోమను అను గ్రంథముపై. డాడ్రిడ్జి, గైసు అను స్వతంత్ర సంఘపు బోధకుల గ్రంథములను కూడ వాడుకొంటినని పీఠికలో పేర్లు చెప్పి ఒప్పుకొనెను. ఆ టిప్పణమే మెథడిస్టులకు సిద్ధాంత ప్రమాణ గ్రంథములలో నొకటి యయ్యెను. కాగా, లూథరనుల పుస్తకము మాకేల యను మెథడిస్టు, తన ప్రమాణ గ్రంథమున తానే లూథరనును చదువుచున్నాడు. ఆ సంగతి ఎరుగడు, అంతే! బాప్తిస్టులలో అగ్రగణ్యుడగు స్పర్జను 1876లో వ్యాఖ్యానములను గూర్చియే ఒక గ్రంథము ప్రకటించి, ప్రెస్బిటేరియనుడగు మాథ్యూ హెన్రీని తన విద్యార్థులకు ముందు వరుసలో సిఫారసు చేసెను. వీరెల్లరును శాఖాభిమానము లేనివారా? తమ తమ పక్షముల కొరకు జీవితాంతము వాదించినవారే. పరుని పుస్తకము చదివినంతనే కరగిపోవు విశ్వాసము వారిది కాదు.

చదువుటవలన కలుగు లాభమేమో రెండు ఉదాహరణములతో చూపెదను. బాప్తిస్మమునకు ముంచుట అవశ్యమా, చిలకరించుట చాలునా యనునది మన తెలుగు సంఘములలో తెగని వివాదము. కాల్విను శిశుబాప్తిస్మమును సమర్థించినవాడు. అయినను, ఆ గ్రీకు పదమునకు ముంచుట యని యర్థమనియు, పూర్వ సంఘమున ఆ యాచారమే యుండెననియు తన సిద్ధాంత గ్రంథమునందే ఒప్పుకొనెను. వెస్లీ రోమీయుల పత్రిక 6వ అధ్యాయము 4వ వచనమునకు టిప్పణము వ్రాయుచు, అచ్చట అపొస్తలుడు సూచించుచున్నది ప్రాచీనుల నిమజ్జన పద్ధతినే యని చెప్పెను. తన పక్షమునకు అనుకూలము కాని దానిని ఒప్పుకొను సాక్షి మాటకు న్యాయస్థానమున ఎంత విలువయో ఎరుగుదుము. ఇట్లు బాప్తిస్టులకు మిక్కిలి బలవంతులైన సాక్షులు పరశాఖవారి బీరువాలోనే యున్నారు! ఆ సాక్ష్యము తెలిసిన మెథడిస్టుకు కూడ మేలే. తన యాచారమునకు నిజమైన ఆధారము పదార్థమునందు కాక మరి దేనియందు కలదో ఆలోచింప నేర్చును.

రెండవది యాకోబు పత్రిక. క్రియలు లేని విశ్వాసమును ఖండించు ఆ పత్రికను లూథరు 1522 నాటి పీఠికలో గడ్డితో పోల్చి తక్కువ చేసెను. లూథరునే చదివినవానికి యాకోబు పౌలునకు విరోధిగ కనబడును. కాల్విను వ్యాఖ్యానము తెరచినచో చిక్కు విడిపోవును. నీతిమంతుడుగ తీర్చబడుట యను మాటను పౌలు దేవుని యెదుట నీతిమంతుడుగ నెంచబడుట యను నర్థమున వాడెననియు, యాకోబు ఆ నీతి క్రియలచే వెల్లడియగుట యను నర్థమున వాడెననియు, ఆ పత్రికను త్రోసివేయుటకు తగిన కారణము లేదనియు ఆయన వివరించెను. ఇది చదివిన లూథరను లూథరును విడిచిపెట్టనక్కరలేదు. లూథరు తొందరపడినచోట తాను నిదానింపవచ్చును.

దీనికి ప్రతిపక్షులు చెప్పు సమాధానములను నేను విననివాడను కాను. పాలలో ఒక్క విషపుచుక్క చాలునని మొదటి వాదము. వ్యాఖ్యానమును పాలతో పోల్చుటయే పొరపాటు; బియ్యముతో పోల్పుడు. రాళ్లేరి వండుకొనుట మన యిల్లాండ్రకు తెలియని విద్య కాదు. రాయి కనబడినదని బస్తా బియ్యమును వీధిలో పారబోయు ఇల్లాలిని నేను చూడలేదు. మన శాఖవారి బియ్యములో రాళ్లు లేవను ధీమా ఏల? ఇప్పుడే యాకోబు పత్రిక విషయము చూచితిమి.

చదువు తక్కువవారు కలవరపడుదురని రెండవ వాదము. చదువు తక్కువవారిపై ఇంత కరుణ గలవారు ఒక్క సంగతి గమనింతురు గాక. నేడు ప్రతి యింటను టెలివిజను కలదు, ప్రతి చేతిలోను ఫోను కలదు. ఊరు పేరు శాఖ విద్య ఏదియు తెలియని ప్రబోధకుని మాటలను ఉదయము మొదలు రాత్రివరకు మనవారు వినుచున్నారు. స్వస్థతలమ్మువానిని, అంత్యదినపు లెక్కలు కట్టువానిని ఏ మిషనువాడవని అడుగము. మూడువందల యేండ్లుగ భక్తులు పరీక్షించిన మాథ్యూ హెన్రీని మాత్రము గుమ్మము వద్ద నిలిపి కులగోత్రములు విచారింతుము! కలవరము దేనివలన కలుగుచున్నదో పెద్దలే నిర్ణయింతురు గాక.

లేఖనము చాలును, వ్యాఖ్యానమేల యని మూడవ వాదము. ఈ మాట వ్యాసపీఠము ముందు నిలిచి గంటసేపు ప్రసంగించువారి నోట వచ్చుట విచిత్రము. ప్రసంగము వ్యాఖ్యానము కాదా? అచ్చయిన వ్యాఖ్యానమును మరల చదివి పరీక్షింపవచ్చును. గాలిలో కలిసిన ప్రసంగమునకు ఆ పరీక్షయు లేదు.

మనకు బడులిచ్చి, ఆసుపత్రులిచ్చి మనుష్యులను చేసిన మిషనుకు ద్రోహము చేయుదుమా యని నాల్గవ వాదము. కృతజ్ఞత ఉత్తమ గుణమే. నేను కూడ మెదకు వెస్లియను మిషను బడి వెలుగులో పెరిగిన కుటుంబమువాడనే. కాని వెస్లీకి కృతజ్ఞుడనగుట వెస్లీ చదివినవారిని చదువకుండుట యెట్లగును?

అన్ని శాఖలు సమానమే యనునంతవరకు ఈ దారి పోవునని కడపటి భయము. నేనట్లు చెప్పుటలేదు. భేదములు కలవు, వానిలో కొన్ని గొప్పవి. వానిని చెరిపివేయుటకు గాక తెలిసికొనుటకే చదువుమనుచున్నాను. మన శాస్త్రములలో పూర్వపక్షమును చక్కగా చెప్పలేనివానికి సిద్ధాంతము చెప్పు నధికారము లేదు. కాల్వినును చదువక పూర్వనిర్ణయమును ఖండించువాడు తాను చేసిన గడ్డిబొమ్మను తానే కొట్టుచున్నాడు. విశ్వవిద్యాలయమునకు పోవు మన బిడ్డలు చరిత్రలోను, తత్త్వశాస్త్రములోను పరస్పర విరుద్ధములైన గ్రంథములను చదివి పరీక్షలు వ్రాయుచున్నారు. వారు వారమున ఆరు దినములు విమర్శ నేర్చి, ఏడవ దినమున దానిని చెప్పులతోబాటు దేవాలయపు వాకిట విడిచిపెట్టవలయునా? అట్లు విడువలేక దేవాలయమునే విడిచినవారు లేరా?

ఇక సంఘకాపరులకు ఒక మనవి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘమేర్పడినప్పుడు ఆంగ్లికనులు, మెథడిస్టులు, కాంగ్రిగేషనలు ప్రెస్బిటేరియను పరంపరలవారు ఏకమయిరి. బాప్తిస్టులు, లూథరనులు వెలుపల నిలిచిరి. అయినను 1964లో రాజమహేంద్రవరమున ఆరంభమై, పిమ్మట హైదరాబాదునకు తరలివచ్చిన ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాలయందు ఈ శాఖల విద్యార్థులు ఒక్క తరగతిలో కూర్చుండి, ఒక్క గ్రంథాలయమున చదువుచున్నారు. అచ్చట లూథరనుడు బార్తును, బాప్తిస్టు వెస్లీని చదువుట నేరము కాదు. అట్టి చదువు చదివినవారిలో కొందరు పట్టము పుచ్చుకొని ప్రసంగపీఠమెక్కిన పిమ్మట ఆ పేర్లను నాలుకకు రానీయరు. ప్రసంగములోని సారము పరశాఖవారినుండి తెచ్చుకొందురు. పేరు మాత్రము దాచుదురు. గురువునకు పథ్యమయినది గృహస్థునకు అపథ్యమెట్లగును? వేదము కొందరికే యని చెప్పిన పాతకాలపు గోడను సంస్కరణవాదులందరును నిందించితిమి. వ్యాఖ్యానము కొందరికే యనునది ఆ గోడకు తమ్ముడు కాదా?

ఇది పండితుల బీరువాతో ముగియు సంగతియయినచో నేనింత వ్రాసియుండను. దీని ఫలము స్త్రీల మీద పడుచున్నది. లూథరను ఇంట పుట్టిన కన్య బాప్తిస్టు ఇంట కోడలగును. ఆమె శైశవమున పొందిన బాప్తిస్మము చెల్లదందురు. బాప్తిస్టు ఇంటి పిల్ల మరియొక శాఖవారి ఇంట మెట్టును. ఆమె సాక్ష్యమును మొండితనమందురు. ఆమె పుట్టినింటినుండి తెచ్చుకొన్న పుస్తకము అటకెక్కును. ఆమె ఏమి నమ్మి పెరిగెనో, ఎందుచేత నమ్మెనో అత్తమామలకు తెలియదు. తెలిసికొనుటకు ఆ పుస్తకములోని పది పుటలు చాలును. అవి చదివినవారు తమ యభిప్రాయము మార్చుకొనకపోవచ్చును. కాని ఆమె తలిదండ్రులు మూర్ఖులు కారనియు, లేఖనమును ప్రేమించినవారే యనియు తెలిసికొందురు. ఆ తెలివి యున్న యింట కోడలి కన్నీరు కొంతయయినను తగ్గును.

కావున నేను కోరునది స్వల్పము. ప్రతి సంఘమందును చిన్న పఠనమందిరమొకటి యుండవలెను. అందు స్వశాఖ వ్యాఖ్యానముల ప్రక్కన పరశాఖ వ్యాఖ్యానములు గ్రంథకర్త పరంపరను స్పష్టముగ తెలుపు చీటితో నుండవలెను. పరీక్ష గ్రంథమునకే కావలెను: మూలభాషను గమనించెనా, సందర్భమును విడిచెనా, ప్రతిపక్షమును న్యాయముగ చెప్పెనా యని చూడవలెను. సంఘకాపరి ఎవరినుండి గ్రహించెనో వారి పేరు ప్రసంగమున చెప్పవలెను. ఇంగ్లీషు రాని తల్లులకొరకు ఇట్టి వ్యాఖ్యానములను శాఖలన్నియు చేయి కలిపి మంచి తెలుగున ప్రకటింపవలెను. ఒక్కొక్క శాఖకు ఒంటరిగ ఆ వ్యయము బరువు, నలువురికి తేలిక. గృహస్థులు అంతవరకు వేచియుండనక్కరలేదు. ఇంట ఇంగ్లీషు చదివిన కొడుకో కూతురో కలరు గదా. ఈ సంవత్సరము రోమీయుల పత్రికను గైకొని, రాత్రి ప్రార్థనవేళ వచనమునకు మన వ్యాఖ్యాత మాట ఒకటి, పరశాఖ వ్యాఖ్యాత మాట ఒకటి ఆ బిడ్డలచే తెలుగున చెప్పించుకొని వినుడు. పదునారు అధ్యాయములు ముగిసిన పిదప మీరు ఏ దేవాలయమునకు పోవుచున్నారో ఆ దేవాలయమునకే పొండు. ప్రక్కయింటివాడు తన దేవాలయమునకు ఏల పోవుచున్నాడో కూడ అప్పటికి మీకు తెలిసియుండును.